తక్కువ కొలతలతో పెద్ద లెక్క

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వారు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు కదా, నేను నా వృత్తి తాలూకు చరిత్ర ఒకటి రాస్తానన్నాను. "మరీ ఈక్వేషన్లు పెట్టకు" అన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఈక్వేషన్ ఒక్కటి కూడా లేదు. అంకెలు మాత్రం ఉన్నాయి. మన లెక్కల మాస్టార్లు కావాలంటే కాగితం మీద సరిచూసుకోవచ్చు.

నేను కెమికల్ ఇంజనీర్‌ని. ముప్పై ఏళ్లుగా రియాక్టర్లతోనే గడిచింది. రియాక్టర్ అంటే అణు రియాక్టర్ కాదు (మా మేనత్త ఇప్పటికీ అలాగే అనుకుంటుంది). మూత బిగించిన పెద్ద పాత్ర, లోపల కలియతిప్పే గరిట, చుట్టూ వేడినీళ్లో చన్నీళ్లో పారే జాకెట్. అంతే. లాబ్‌లో అరలీటరు ఫ్లాస్కులో బుద్ధిగా జరిగిన రసాయన చర్యని ఆ అయిదు వేల లీటర్ల పాత్రలో కూడా బుద్ధిగా జరిగేలా చూడడం నా పని.

అందుకోసం ముందు కాగితం మీద, ఇప్పుడైతే కంప్యూటర్‌లో, ఆ పాత్రకి ఒక నకలు తయారుచేస్తాం. దాన్నే మోడల్ అంటాం. చర్య ఎంత వేగంగా సాగుతుంది, ఎంత వేడి పుడుతుంది, జాకెట్ ఎంత వేడిని లాగేస్తుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. ఈ లెక్కల రూపం మనకి తెలుసు, వాటిలో ఉండే స్థిరాంకాల విలువలు తెలియవు. కొలతలకి సరిపోయేలా ఆ విలువల్ని పట్టుకోవడాన్ని కాలిబ్రేషన్ అంటాం. చిక్కు ఎక్కడంటే, తెలియని స్థిరాంకాలు ఆరో ఏడో ఉంటాయి, చేతిలో ఉండేవి నాలుగైదు బ్యాచ్‌ల కొలతలు. ఇంకో పది బ్యాచ్‌లు నడిపి చూద్దామంటే ఒక్కోదానికి లక్షలు ఖర్చవుతాయి. పైగా మరుగుతున్న పాత్రలోంచి గంటగంటకీ శాంపిల్ తీయడం తీసేవాడి ప్రాణానికి మంచిది కాదు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. ఒక్క మెతుకు ఎందుకు చాలుతుంది? బియ్యమంతా ఒకేసారి, ఒకే నీళ్లలో, ఒకే మంట మీద పెట్టామని మనకి ముందే తెలుసు కాబట్టి. ఎవరో మధ్యలో వచ్చి ఇంకో గుప్పెడు బియ్యం పోసి వెళ్లారనుకోండి, ఆ మెతుకు సాక్ష్యం ఇక చెల్లదు. మెతుకు చెప్పేది కొంచెమే, మిగతాదంతా వంట చేసేవాళ్ల బుర్రలో ఉన్న సంగతి. కొలత ఇచ్చే సమాచారానికి, కొలవకముందే తెలిసిన సమాచారాన్ని ఏ పాళ్లలో కలపాలి అన్న ప్రశ్నకి రెండు వందల ఏళ్లకి పైబడిన చరిత్ర ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

ఈ కథ రసాయనాలతో కాదు, ఆకాశంలో మొదలవుతుంది. 1801 జనవరి 1న పాలెర్మోలో పియాజ్జి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి ఒక కొత్త చుక్క కనిపించింది. ఫిబ్రవరి 11 దాకా 24 సార్లు దాని స్థానం రాసుకున్నాడు. తర్వాత జబ్బుపడ్డాడు, అతను కోలుకునేలోగా ఆ చుక్క సూర్యుడి వెలుగులోకి పోయింది. దానికి సీరిస్ అని పేరైతే పెట్టారు గాని మళ్లీ ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియలేదు. ఆకాశంలో అది నడిచినట్టు చూసిన దూరం కొద్ది డిగ్రీలే. అప్పటికి 24 ఏళ్ల వయసున్న గాస్ లెక్కకి కూర్చున్నాడు. ఆ చిన్న ముక్కని గీత గీసి పొడిగిస్తే చుక్క ఎక్కడికైనా పోవచ్చు. గాస్ అలా పొడిగించలేదు. అది సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, కెప్లర్ నియమాలకి లోబడుతుంది అన్న సంగతిని ముందే లెక్కలో పెట్టాడు. అలా పెట్టాక తెలియనివి ఆరు అంకెలే మిగిలాయి. ఆయన చెప్పిన చోటికి దగ్గరలోనే 1801 డిసెంబర్ 31న ఫాన్ జాక్, మర్నాడు రాత్రి ఓల్బర్స్ సీరిస్‌ని మళ్లీ పట్టుకున్నారు. మా వృత్తిలో మోడల్ కాలిబ్రేషన్ అన్నదానికి నేను మొదటి ఉదాహరణగా చెప్పేది ఇదే. దుర్భిణి పాతదే, కొలతలు పియాజ్జివే. లెక్కలోకి కొత్తగా వచ్చింది కెప్లర్.

ముందే తెలిసినదాన్ని లెక్కలోకి తెచ్చే సూత్రం అంతకు ముందే ఇంగ్లండులో పుట్టింది. థామస్ బేయ్స్ అనే చర్చి బోధకుడు 1761లో చనిపోయాక ఆయన కాగితాల్లో దొరికిన వ్యాసాన్ని స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ సరిచేసి రాయల్ సొసైటీకి పంపాడు. 1763లో చదివారు. బేయ్స్ పేరు తెలియకుండానే ఫ్రాన్సులో లాప్లాస్ 1774లో అదే దారి తొక్కి, ఇంకా చాలా దూరం తీసుకెళ్లాడు. శనిగ్రహం బరువు సూర్యుడి బరువులో 3512వ వంతు అని లెక్కగట్టి, అది నూటికి ఒకటి కన్నా ఎక్కువ తప్పడానికి 11,000కి ఒక్క వంతు అవకాశమే ఉందన్నాడు. ఇప్పటి లెక్క 3498వ వంతు. పందెం ఆయనే గెలిచాడు.

రసాయన పరిశ్రమలోకి ఈ గొడవ అడుగుపెట్టింది మాత్రం అమ్మోనియాతో. మన రామగుండంలో తయారయ్యే యూరియాకి మూలం అమ్మోనియా. దాన్ని గాలిలోని నైట్రోజన్ నుంచి తయారుచేయవచ్చా అని 1904లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ కొలిచి చూశాడు. 1000 డిగ్రీల దగ్గర, మామూలు పీడనంలో, వాయువుల్లో అమ్మోనియా 0.012 శాతం దాకా వస్తుందని తేల్చాడు. వెయ్యి డిగ్రీల గొట్టంలో అంత తక్కువ అమ్మోనియాని పట్టి కొలవడం ఎంత కష్టమో లాబ్‌లో పనిచేసినవాళ్లు ఊహించగలరు. ఇంతలో వాల్టర్ నెర్న్‌స్ట్ ఒక కొత్త ఉష్ణ సిద్ధాంతం ప్రకటించి, ఆ సిద్ధాంతం ప్రకారం అంత రాకూడదన్నాడు. ఆయన లెక్కలో 0.0032 శాతమే. హేబర్ మళ్లీ జాగ్రత్తగా కొలిస్తే 0.0048 వచ్చింది. 1907లో హాంబర్గ్ సభలో అందరి ముందూ నెర్న్‌స్ట్ హేబర్ కొలతల్ని తప్పుపట్టాడు.

మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. 0.012, 0.0048, 0.0032. మొదటి కొలత కంటే రెండో కొలత సిద్ధాంతానికి చాలా దగ్గరికొచ్చింది. అంటే కొలతని శంకించమని సిద్ధాంతం చెప్పిన మాట సబబే. కానీ రెండో కొలత సిద్ధాంతం దాకా పోయి ఆగలేదు. ఆ సిద్ధాంతంలో వేసిన ఉష్ణ విలువలే అప్పటికి మొరటువి. నా ఉద్దేశంలో ఆ సభలో ఇద్దరూ కొంత కొంత సరైనవాళ్లే. ఎవరి మాటకి ఎంత బరువివ్వాలో చెప్పే తక్కెడ మాత్రం అక్కడ ఎవరి దగ్గరా లేదు. అవమానపడ్డ హేబర్, రాబర్ట్ లె రోసిన్యోల్ సాయంతో ఎక్కువ పీడనాల వైపు మళ్లాడు. 1909 జూలై 2న బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ వారి ముందు అమ్మోనియా చుక్కలు రాల్చి చూపించాడు. 1913లో ఓపౌలో ఫ్యాక్టరీ నడిచింది. మిగతా చరిత్ర మన పదో తరగతి పుస్తకంలోనే ఉంది.

ఇక్కడ మనవాడొకాయన గురించి చెప్పుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్.రావు, 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు కావడంతో బదిలీలు తప్పలేదు. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ ఊళ్లు మారుతూ సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ. చేసి కలకత్తాలో మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం వేశారు. మన చేతిలో ఉన్న కొలతల్లో ఇంత సమాచారమే ఉన్నప్పుడు, పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా తెలియని అంకెని ఇంతకన్నా ఖచ్చితంగా పట్టుకోలేం అని ఆ వ్యాసం ఒక హద్దు గీసింది. స్వీడన్‌కి చెందిన క్రామెర్ పేరు కూడా కలిపి దాన్ని క్రామెర్-రావు హద్దు అంటారు. ఆయన 102 ఏళ్లు బతికి 2023లో పోయారు.

నా పనికి ఆ హద్దు రోజూ కావాలి. బ్యాచ్‌లు నడపకముందే, ఈ నాలుగు బ్యాచ్‌ల నుంచి ఈ స్థిరాంకం గురించి మహా అయితే ఎంత తెలుస్తుందో దానితో లెక్కగట్టవచ్చు. చాలాసార్లు వచ్చే సమాధానం దిగులుగా ఉంటుంది, "పెద్దగా ఏమీ తెలియదు" అని. సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా ఆ హద్దు కదలదు. హద్దుకి అవతల కావలసింది ఇంకో చోటి నుంచి, కొలతలకి బయటి నుంచి, తెచ్చుకోవాలి.

ఎలా తెచ్చుకోవాలో మా వృత్తికి నేర్పినవాళ్లలో నేను ముందు చెప్పేది జార్జ్ బాక్స్ పేరు. 1919లో ఇంగ్లండులో పుట్టాడు. కెమిస్ట్రీ చదువుతూ యుద్ధం రాగానే సైన్యంలో చేరాడు. విషవాయువుల మీద ప్రయోగాలు చేసే పోర్టన్ డౌన్ కేంద్రంలో వేశారు. అక్కడ ఒక్కో జంతువు ఒక్కోలా స్పందించేది, ఫలితాలకి తలాతోకా ఉండేవి కాదు. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు కావాలని పై అధికారికి చెబితే, దొరకరు, నువ్వే చూసుకో అన్నారట. ఫిషర్ పుస్తకాలు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు. యుద్ధం తర్వాత మాంచెస్టర్‌లో ఐ.సి.ఐ. రంగుల విభాగంలో ఎనిమిదేళ్లు చేశాడు. అక్కడ కె.బి.విల్సన్ అనే కెమిస్ట్‌తో కలిసి 1951లో రాసిన వ్యాసం ఫ్యాక్టరీల్లో ప్రయోగాలు చేసే తీరునే మార్చింది. 1960లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం చేరి స్టాటిస్టిక్స్ శాఖ స్థాపించాడు. హౌగెన్, వాట్సన్, స్టీవార్ట్ లాంటి కెమికల్ ఇంజనీరింగ్ దిగ్గజాల ఊరు అది. సోమవారం రాత్రుళ్లు బాక్స్ ఇంట్లో బీరు పెట్టుకుని కూర్చునేవారు. ఎవరి ప్రయోగం చిక్కులో ఉంటే వాళ్లు దాన్ని తీసుకొచ్చేవారు.

ఒక పిట్టకథ. స్టాటిస్టిక్స్‌లో మహానుభావుడైన ఫిషర్, బేయ్స్ పద్ధతిని జీవితాంతం వ్యతిరేకించాడు. కొలవకముందు మీ బుర్రలో ఉన్న అభిప్రాయానికి శాస్త్రంలో చోటేమిటని ఆయన వాదన. మన సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఆయన దగ్గరే. బాక్స్ పెళ్లి చేసుకున్నది ఆయన కూతురిని. మామగారు వద్దన్న పద్ధతిని అల్లుడు ఫ్యాక్టరీ లెక్కల్లోకి తెచ్చాడు. ఆ ఇంట్లో ఏం మాట్లాడుకునేవారో గాని, ఫిషర్ 1962లో పోయారు, అల్లుడి ముఖ్యమైన వ్యాసం 1965లో వచ్చింది.

ఆ వ్యాసం బాక్స్, డ్రేపర్ కలిసి రాసింది. ఒకే చర్యలో నాలుగైదు పదార్థాలని ఒకేసారి కొలిచినప్పుడు, ఒక్కో పదార్థం కొలతలో పొరపాటు ఎంతో తెలియనప్పుడు, అన్నిటినీ ఎలా కలిపి వాడాలో బేయ్స్ పద్ధతిలో అందులో తేల్చారు. పద్ధతి బాగుంది. దాన్ని అసలైన కొలతల మీద వాడి చూసినప్పుడు జరిగింది ఇంకా బాగుంటుంది. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇష్టమైన ఘట్టం అదే.

టర్పెంటైన్ మనందరికీ తెలుసు, పెయింటర్లు వాడేది. దానిలో ముఖ్యమైన పదార్థం ఆల్ఫా పైనీన్. దాన్ని వేడిచేస్తే ఇతర పదార్థాలుగా మారుతుంది. ఫ్యుగిట్, హాకిన్స్ అనే ఇద్దరు 189.5 డిగ్రీల దగ్గర ఇది ఎలా మారుతుందో కొలిచి 1947లో ప్రచురించారు. ఎనిమిది సమయాల్లో, అయిదు పదార్థాలు. మొదటి కొలత 1230 నిమిషాలకి, ఆఖరిది 36,420 నిమిషాలకి, అంటే 25 రోజులు దాటాక. ఎనిమిదయిదులు నలభై అంకెలు. పట్టుకోవలసిన వేగ స్థిరాంకాలు అయిదే. ఇదేదో సుఖమైన లెక్కలాగే కనిపిస్తుంది.

1973లో బాక్స్, హంటర్, మెక్‌గ్రెగర్, ఎర్యావెక్ నలుగురూ ఈ పట్టికకి 1965 పద్ధతి వాడితే, వచ్చిన స్థిరాంకాలు కొలతలకి సరిగ్గా అతకలేదు. పద్ధతి సరైనదే, మోడల్ కూడా మరీ తీసివేయదగ్గది కాదు. మరెక్కడుంది లోపం?

మీరే చూడండి. పట్టికలో నాలుగో పదార్థం పేరు పైరొనీన్. మొదటి వరుసలో ఆల్ఫా పైనీన్ 88.35 శాతం మిగిలింది, పైరొనీన్ 0.4. మధ్యలో ఒక వరుసలో ఆల్ఫా పైనీన్ 50.4, పైరొనీన్ 1.5. ఆఖరి వరుసలో ఆల్ఫా పైనీన్ 4.5, పైరొనీన్ 2.9. ఇప్పుడు నూటిలోంచి ఆల్ఫా పైనీన్‌ని తీసేసి, వచ్చినదానిలో నూటికి మూడు వంతున లెక్కేయండి. మొదటిదానికి 0.35, రెండోదానికి 1.49, మూడోదానికి 2.87. ఒక దశాంశానికి సవరిస్తే 0.4, 1.5, 2.9. మిగతా వరుసలూ అంతే.

పైరొనీన్‌ని ఎవరూ విడిగా కొలవలేదు. కొలవడం కష్టమై, మారిన ఆల్ఫా పైనీన్‌లో మూడు శాతం పైరొనీన్ అయివుంటుందని అనుకుని ఆ గడి నింపారు. అసలు వ్యాసంలో ఆ సంగతి దాచలేదు, రాసే ఉంది. పట్టిక ఒక్కటే ఎత్తి రాసుకున్నవాళ్లకి మాత్రం కనిపించదు. అదీగాక అయిదు నిలువు వరుసలూ కలిపితే ఇంచుమించు 100 వస్తుంది, కాబట్టి అయిదోది కూడా పూర్తి స్వతంత్రం కాదు. లెక్క పద్ధతికి ఇవేవీ తెలియవు. ఏ కొలతల్లో ఊగిసలాట తక్కువో వాటినే అది ఎక్కువ నమ్ముతుంది. పైరొనీన్ అంకెల్లో ఊగిసలాట అసలు లేదు, దశాంశం సవరించిన తేడా తప్ప. అందుకని కొలవని అంకెనే అన్నిటికన్నా గొప్ప కొలతగా నమ్మి, నిజంగా కొలిచినవాటిని పక్కకి నెట్టింది. ఆ బంధాలని విడదీసి మళ్లీ లెక్కేస్తే స్థిరాంకాలు నమ్మదగినవిగా వచ్చాయి.

నలభై అంకెలున్నాయనుకున్న చోట నిజంగా ఉన్నవి అంతకన్నా బాగా తక్కువ. ఆ కొలత ఎవరు, ఎలా, ఏ పూట తీశారన్నది కూడా ముందే తెలిసి ఉండవలసిన సమాచారమే. నేను ఒక ఫ్యాక్టరీలో (పేరు వద్దు) రెండేళ్ల లాగ్ షీట్లు తిరగేస్తుంటే తేమ శాతం గడిలో నైట్ షిఫ్ట్ పొడవునా 0.3 కనిపించింది. ఆ పరికరం చాలా నెలలుగా పనిచేయడం లేదు. గడి ఖాళీగా ఉంటే ఆడిటర్ ఒప్పుకోడు కదా! కంప్యూటర్‌కి మటుకు ఆ 0.3 వేదవాక్కు.

ఇక కలిపే లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. నేను చేసిన ఒక పని నుంచే తీసుకున్నాను, అర్థమవడానికి అంకెలు గుండ్రంగా మార్చాను. వేడి పుట్టే ఒక చర్య. 60 నుంచి 70 డిగ్రీల మధ్య అయిదు బ్యాచ్‌లు నడిచాయి. ఉత్పత్తి విభాగం వాళ్లకి తొందర, 80 డిగ్రీలకి పెంచితే సమయం కలిసొస్తుంది కదా అన్నారు. 65 నుంచి 80కి పోతే చర్య వేగం ఎన్ని రెట్లవుతుంది అన్నది ప్రశ్న. వేగం నాలుగు రెట్లు దాటితే జాకెట్ ఆ వేడిని లాగలేదు.

వేడికి వేగం ఎంతగా పెరుగుతుందో చెప్పే స్థిరాంకాన్ని ఆక్టివేషన్ ఎనర్జీ అంటారు, ఇంటర్‌లో చదివే ఉంటారు. అయిదు బ్యాచ్‌ల కొలతలు మాత్రమే అడిగితే అది 105 కిలోజౌళ్లు, అటూ ఇటూ 30 అన్నాయి. పది డిగ్రీల మేరలో తీసిన కొలతలు అంతకన్నా ఏం చెప్పగలవు? ఆ 30ని రెండింతలు చేసి చూస్తే 45 నుంచి 165 దాకా ఏదైనా కావచ్చు. అంటే వేగం 2 రెట్లూ కావచ్చు, 12 రెట్లూ కావచ్చు. ఆ సమాధానం పట్టుకుని ఎవరూ వాల్వ్ తిప్పలేరు.

అదే తరహా చర్యలు అంతకు ముందు చాలా చూసి ఉన్నాం, పుస్తకాల్లోనూ ఉన్నాయి. వాటిని బట్టి ఇలాంటి చర్యకి 75, అటూ ఇటూ 15 అని కొలతలు చూడకముందే కాగితం మీద రాసి సంతకం పెట్టాం. ముందే రాయడం ముఖ్యం, చూశాక రాస్తే అది అంచనా కాదు. ఇప్పుడు రెండింటినీ కలపాలి. బరువు, ఊగిసలాట వర్గానికి విలోమంగా ఉంటుంది. 30, 15కి రెండింతలు కాబట్టి ముందు అంచనాకి 4 పాళ్లు, కొలతలకి 1 పాలు. నాలుగు 75లు, ఒక 105 కలిపి అయిదుతో భాగిస్తే 81. ఊగిసలాట 13.4కి దిగింది. వేగం ఇప్పుడు 2.3 రెట్ల నుంచి 5 రెట్ల దాకా. నాలుగు అన్న మా హద్దు సరిగ్గా ఆ మధ్యలో పడింది.

కాబట్టి 80కి పెంచవచ్చనీ చెప్పలేదు, కూడదనీ చెప్పలేదు. ఏ ఒక్క కొలత తీస్తే సందేహం తీరుతుందో మాత్రం స్పష్టంగా చెప్పింది. లాబ్ కెలోరిమీటర్‌లో 80 డిగ్రీల దగ్గర ప్రయోగం చేయించాం. రెండు రోజుల పని. దానితో కొలతల మాట 105, అటూ ఇటూ 5 అయింది. ఇప్పుడు పాళ్లు తారుమారు. ముందు అంచనాకి 1, కొలతలకి 9. కలిపితే 102. వేగం 4.7 రెట్లు, జాకెట్ తట్టుకోదు. 74 దగ్గర ఆగాం, అక్కడ రెండున్నర రెట్లు. ఉత్పత్తి వాళ్లు కొంచెం గొణిగారు, అయినా సమయం సగానికి పైగా కలిసొచ్చింది. ఫిషర్ భయపడిన విషయం ఇక్కడ చూడవచ్చు. కొలతలు బలహీనంగా ఉన్నప్పుడు ముందు అభిప్రాయం పెద్దరికం చేసింది, గట్టి కొలత రాగానే తప్పుకుంది. అలా తప్పుకోవాలంటే మొదట రాసిన "అటూ ఇటూ" నిజాయితీగా ఉండాలి. 75, అటూ ఇటూ 2 అని ధీమాగా రాసి ఉంటే ఆ రెండు రోజుల ప్రయోగం దాన్ని పెద్దగా కదిలించేది కాదు. సీనియర్ల మాటకి ఎదురు చెప్పని చోట్ల ఈ ప్రమాదం ఎక్కువ.

ఇది కేవలం లెక్కల సరదా కాదని చెప్పడానికి జాక్సన్‌విల్ ఒకటి చాలు. అమెరికాలోని ఆ ఊళ్లో టి2 లాబొరేటరీస్ అనే చిన్న కంపెనీ పెట్రోలులో కలిపే ఒక పదార్థం చేసేది. 2007 డిసెంబర్ 19న 175వ బ్యాచ్ నడుస్తుండగా జాకెట్ చల్లబరచలేకపోయింది. రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. 199 డిగ్రీల దగ్గర సోడియం, ద్రావణి కలిసి రెండో చర్య మొదలవుతుందని, దాని వేడి మొదటిదాన్ని మించిపోతుందని దర్యాప్తు సంస్థ తేల్చింది. మామూలుగా చల్లబరచడం మొదలుపెట్టే ఉష్ణోగ్రతకీ దానికీ మధ్య ఇరవై డిగ్రీల తేడా కూడా లేదు. డిజైన్‌కి ముందు చేసిన పరీక్షలు ఒక లీటరు పాత్రలో చేసినవి. మామూలుగా నడిచిన బ్యాచ్‌లు ఎన్నున్నా వాటి కొలతల్లో ఆ రెండో చర్య జాడ ఉండదు. అన్నంలో ఎవరో తర్వాత పోసిన గుప్పెడు బియ్యం లాంటిది అది. కెమిస్ట్రీ తెలిసినవాడు ముందే కూర్చుని, సోడియం ఈ ద్రావణిని ఎంత వేడి దాకా ఊరుకుంటుంది అని అడిగి ఉండవలసింది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ వైపు పనిచేసే మన పూర్వ విద్యార్థులు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ పేరా కొంచెం పొడిగించాను.

తర్వాతి చరిత్ర ఎక్కువగా కంప్యూటర్లది. త్వరగా చెప్పేస్తాను. బేయ్స్ లెక్కలు చేతితో చేయగలిగేవి కొన్నే. 1953లో మెట్రోపొలిస్, మరి నలుగురు అణువుల లెక్క కోసం లాస్ అలమోస్‌లో కనిపెట్టిన ఒక చిట్కా, 1990 తర్వాత చవకైన కంప్యూటర్ల మీద అందరికీ అందింది. పుట్టింది రసాయనంలోనే, తిరిగి మాకు చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. 1992లో సికోజియోస్, అంగర్ అనే ఇద్దరు, అప్పట్లో కొత్తగా గిరాకీ పెరిగిన న్యూరల్ నెట్‌వర్క్‌కి రియాక్టర్ మొత్తాన్ని అప్పగించకుండా, పదార్థం సృష్టి అవదు నాశనం అవదు అన్న లెక్కని అలాగే ఉంచి, నిజంగా తెలియని వేగం ముక్కని మాత్రమే దానికి ఇచ్చారు. తక్కువ కొలతలతోనే పని జరిగింది. 2001లో కెనెడీ, ఓహేగన్ ఇంకో మెట్టు ఎక్కారు. స్థిరాంకాలే కాదు, మోడల్ కూడా కొంత తప్పే ఉంటుంది, ఆ తప్పుకి కూడా లెక్కలో ఒక గడి కేటాయించండి అన్నారు. ఇప్పుడు ప్రతి కంపెనీ ఏ.ఐ. అంటున్న రోజుల్లో కుర్ర ఇంజనీర్లకి నేను ముందు చదవమనేది ఈ రెండు వ్యాసాలే.

ఒక మనవి. పైరొనీన్ పట్టికలోని ఎనిమిది వరుసల ఆల్ఫా పైనీన్ విలువలు ఇవి: 88.35, 76.4, 65.1, 50.4, 37.5, 25.9, 14.0, 4.5. పైరొనీన్ విలువలు: 0.4, 0.7, 1.1, 1.5, 1.9, 2.2, 2.6, 2.9. మన బడి సైన్సు టీచర్లు వీటిని ఏమీ చెప్పకుండా బోర్డు మీద రాసి, ఇందులో వింత ఏమిటో పట్టుకోమని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడాలని నా కోరిక. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. పెద్దవాళ్ల సంగతికొస్తే, స్థిరాంకాలు పట్టే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడానికి ఈ పట్టికని ఇప్పటికీ వాడుతున్నారు. నాలుగో నిలువు వరుస అందులో అలాగే ఉంది.